ఫొటోకు ముందు తీసేసిన గ్లాసు

విశాఖ నుంచి ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు, నా ప్రమోషన్‌కని హైటెక్ సిటీలోని ఖరీదైన సీఫుడ్ రెస్టారెంట్లో ఆఫీసువాళ్లు పార్టీ ఇచ్చారు. వైన్ లిస్టు నన్నే చూడమన్నారు. పేరుకు చేపల హోటలు, లిస్టు నిండా రెడ్ వైన్లే. చేపలకు నప్పేది వైట్ వైన్ కదా అని, ఉన్న కొద్ది వాటిలో తీపి లేనిదాన్ని వెతికి తెప్పించాను. పక్కనున్న సహోద్యోగి శేఖర్ ఒక్క గుక్క తాగి, పులుపంటూ మొహం చిట్లించాడు.

ఫొటో అనగానే, వడ్డించే అమ్మాయి నా గ్లాసు తీసి శేఖర్ ముందు పెట్టి, నా ముందుకు ఒక నిమ్మసోడా జరిపింది.

"అదేంటమ్మా?"

"ఫొటో ఇంట్లోళ్లు చూస్తరు గదా అక్కా. ఆడోళ్ల గ్లాసులు మేమే ముందుగాల తీసేస్తం."

బల్ల దగ్గర ఎవరూ ఆశ్చర్యపోలేదు.

మగవాళ్ల మధ్య కూర్చున్నా తన కూతురు సోడాయే తాగిందని, అమ్మ ఆ ఫొటోను చుట్టాలందరికీ చూపించింది. ప్రమోషన్ సంగతి ఎవరికీ చెప్పలేదు.