బూరె విమానమెక్కిన వేసవి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఎంతటి కష్టమైనా కాగితం మీద గడులు గీసి నింపితే లొంగుతుందని గట్టిగా నమ్మేదాన్ని. నర్సింగ్ చదువు అంటించిన జబ్బు అది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, ఢిల్లీ ద్వారకలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నాతో ఒకే ఫ్లాట్లో ఉండే సీనియర్ నర్సుని అక్కా అనేదాన్ని. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, విశాఖపట్నం మనిషి. ఆవిడకి బూరె అని ఒక కుక్క ఉండేది. గుండ్రటి ఒళ్ళు, ముడతల మొహం, ముక్కు ఉందంటే ఉంది. ఆ ఏడాది మార్చిలో అక్కకి లివర్ జబ్బు బయటపడింది. విశాఖలో తమ్ముడింటికి వెళ్తూ, "పది రోజుల్లో వచ్చేస్తానే, దీన్ని చూసుకో" అంది. పది రోజులు రెండు నెలలయ్యాయి. ఆవిడ రిపోర్టులు నా ఫోన్‌కి వచ్చేవి. వాటిని చదవడం ఎందుకు నేర్చుకున్నానా అనిపించేది. మేలో ఒక సాయంత్రం ఫోన్లో, "బూరెని ఒక్కసారి చూడాలనుందే" అంది. బూరెని చూసుకోమనడం తప్ప అంతవరకూ ఆవిడ నన్ను ఏదీ అడిగి ఎరగదు.

రైల్లో అయితే ఒకటిన్నర రోజు పడుతుంది, నాకు దొరికేది నాలుగు రోజుల సెలవు. వార్డులోంచి ఒక ఖాళీ కేస్ షీట్ తెచ్చుకుని (ఆసుపత్రి వాళ్ళు క్షమించాలి) విమాన సంస్థల నియమాలు గడుల్లో రాయడం మొదలుపెట్టాను. ఒక సంస్థ, చూపులేనివారికి దారి చూపే కుక్కల్ని తప్ప ఎక్కించుకోదట. ఇంకో సంస్థ సామాన్లతోపాటు కింద పెడుతుంది కానీ చప్పిడి ముక్కు కుక్కల్ని వేసవిలో ఒప్పుకోదు, వాటికి ఊపిరాడదని. ఆ సంగతి తేల్చుకుందామని ఫోన్ చేస్తే ఒక అమ్మాయి, "మేడమ్, నాక్ చప్టీ హై క్యా?" అని అడిగింది. బూరె మొహం పక్కకి తిప్పి చూశాను. "థోడీ సీ" అన్నాను, కొంచెమే అన్నట్టు. "థోడీ కా ఆప్షన్ నహీ హై మేడమ్. హా యా నా?" అంది, అవునో కాదో తేల్చమని. అబద్ధమాడేద్దామనుకున్నాను. ఈలోపు బూరె ఫోన్లోకే గురకపెట్టింది. "హా" అని పెట్టేశాను. చివరికి మూడో సంస్థ ఒప్పుకుంది. సంచిలో పెట్టి సీటు కింద ఉంచుకోవచ్చు, సంచితో కలిపి ఏడు కిలోలు మించకూడదు. బూరె ఒక్కతే ఏడు కిలోలుంది.

ఇక రెండు పూటలా సొరకాయ, కాస్త అన్నం, పొద్దున్నే పార్కు చుట్టూ నడక. వారం తర్వాత తూస్తే పావుకిలో పెరిగింది! నేను డ్యూటీలో ఉండగా బూరెని బయటికి తిప్పే పైఅంతస్తు పంజాబీ ఆంటీని నిలదీశాను. "బేచారీ లౌకీ దేఖ్‌కే రోతీ హై బేటా. బస్ ఏక్ పరాఠా దియా" అంది. సొరకాయ చూసి ఏడుస్తోందట. "ఒక్కటేనా ఆంటీ?" అని హిందీలో అడిగితే, "మక్ఖన్ కే సాథ్" అని తల దించుకుంది, వెన్న కూడా రాసిందన్నమాట. ఇదంతా ఎందుకో అప్పుడు చెప్పాను. మర్నాటి నుంచి నొప్పి మోకాళ్ళతో తనే బూరెని రెండోసారి నడిపించేది. అక్కడ అక్క, ఇక్కడ బూరె, ఇద్దరూ ఒకే వారాల్లో చిక్కిపోయారు. ఒకరి తూకం చూసి సంబరపడి, ఇంకొకరి తూకం విని బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

జూన్‌లో విమానాశ్రయం కౌంటర్ దగ్గర తూస్తే అప్పటికీ కొంచెం ఎక్కువొచ్చింది. అక్కడి ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు. సంచిలో బూరె కింద అక్క ఉన్ని శాలువా మెత్తగా మడిచి ఉంది. దాన్ని లాగి నేను కప్పుకున్నాను. అంకె ఏడు దగ్గర ఆగింది. బయట నిప్పులు కురుస్తుంటే శాలువాలో చెమటలు కక్కుతున్న నన్ను కాసేపు చూసి, "ఠీక్ హై, జాయియే" అన్నాడాయన.

విశాఖలో అక్క మంచానికి అతుక్కుపోయి ఉంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. బూరె ఎగిరి ఆవిడ పక్కన పడుకుంది. అక్క దాని ఒళ్ళంతా తడిమి నా వైపు తిరిగింది. మెచ్చుకుంటుందని నిలబడ్డాను.

"ఇంత చిక్కిపోయిందేంటే? తిండి పెట్టట్లేదా నువ్వు?" అంది.

ఆ రెండు రోజులూ తన కోసం తెచ్చిన ఇడ్లీ ముక్కలన్నీ బూరెకే పెట్టింది. మూడోరోజు మధ్యాహ్నం పోయింది. చెయ్యి ఇంకా బూరె వీపు మీదే ఉంది.

బూరెని అక్క తమ్ముడు ఉంచేసుకున్నాడు. నేను ఖాళీ సంచితో తిరిగొచ్చాను. తిరుగు విమానం ఎక్కేముందు తనిఖీ దగ్గర పెద్దవయసు గార్డు సంచి తెరిచి, లోపలి వెంట్రుకలు చూసి, "ఇస్‌మే క్యా థా?" అని అడిగాడు. "డాగ్ థా భయ్యా" అనేసరికి ఆపుకోలేక అందరి ముందూ భోరుమన్నాను. ఆయన గాభరాపడి నీళ్ళ సీసా ఇచ్చాడు. "మత్ రో బేటా, దూస్రా లే లేనా" అన్నాడు, ఏడవకు, ఇంకోదాన్ని తెచ్చుకో అని. నిజానికి ఆ వేళకి బూరె విశాఖలో నిక్షేపంగా ఉప్మా తింటోంది. ఆ మాట ఆయనకి చెప్పాల్సింది. కానీ నేను కళ్ళు తుడుచుకుని, బుద్ధిగా "ఠీక్ హై" అన్నాను.