బావ వీడియోలో మూడో చెయ్యి

పగ తీర్చుకోవడానికి సముద్రం దాకా వెళ్ళి, పగకి కావలసిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని బేరంలో నేనే కొట్టేయించుకున్నాను. ఇది అందరి వల్లా అయ్యే పని కాదు. దీనికి గిన్నెల కొట్టున్న ఇంట్లో పుట్టాలి. మా పేట బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళతో ఒక్క కుక్కరు మీద అరగంట వాదించి, వాళ్ళు గెలిచామనుకుని ఎక్కువిచ్చి వెళ్ళేలా చెయ్యగలగాలి. ఆ అర్హతలన్నీ నాకు పుష్కలంగా ఉన్నాయి.

పగ మా బావ మీద. అక్క మొగుడు, స్టీలు ప్లాంటులో ఇంజనీరు, కద్మాలో కంపెనీ ఇచ్చిన ఇల్లు. ఆయన కొత్తల్లుడిగా ఉన్న రోజుల్లో, నాకప్పుడు పద్నాలుగేళ్ళు, ఈత నేర్పిస్తానని సువర్ణరేఖ నదికి తీసుకెళ్ళాడు. రాయి మీద కాలు జారి లోతులో పడ్డాను. ఆయన నా జుట్టు పట్టుకుని లాగి ఒడ్డున పడేశాడు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ మునుగుతూ నేను అరిచింది "అమ్మా" అని కాదు, "తాళాలు! తాళాలు!" అని. నిక్కరు జేబులో కొట్టు తాళాలున్నాయి. అవి నదిలో పోయాయి. ఆ సాయంత్రం నాన్న వెల్డింగు వాణ్ణి పిలిచి సొంత కొట్టు షట్టరు కోయించుకోవాల్సి వచ్చింది.

ఇరవై రెండేళ్ళుగా బావ ఈ కథ చెప్పని శుభకార్యం మా చుట్టాల్లో జరగలేదు. నా పెళ్ళిలో అత్తవారి ముందు కూడా చెప్పాడు. చెప్పినప్పుడల్లా నది ఇంకాస్త వెడల్పయ్యేది, నా గొంతు ఇంకాస్త సన్నబడేది.

పోయినేడాది బావ అండమాన్ వెళ్ళి స్కూబా డైవింగ్ చేసొచ్చాడు. మేనకోడలి పుట్టినరోజుకి అందర్నీ కూర్చోబెట్టి పెద్ద టీవీలో వీడియో పెట్టాడు. నీలం నీళ్ళు, పగడాలు, వాటి మధ్య చేతులు కట్టుకుని తేలుతున్న బావ. ప్లాంటులో రౌండుకెళ్ళినట్టు చేపల్ని చూస్తున్నాడు.

"సూసేవేటిరా? ముప్పై అడుగుల లోతు. నువ్వయితే ఏటి సేత్తావు? సేపని ఆపి డజనెంతని అడుగుతావు" అన్నాడు నాతో.

మేనకోడలు వెంటనే హిందీలో అందుకుంది. "మామా కో తో బాల్టీ సే భీ డర్ లగ్‌తా హై!"

బకెట్టుకి కూడా భయపడే మేనమామని చూసి అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఆ నవ్వుకే నేను అండమాన్‌కి విమానం టిక్కెట్టు కొన్నాను. ఆయనకన్నా లోతుకి దిగాలి, ఆయనకన్నా మంచి వీడియో తెచ్చి అదే టీవీలో, అదే సోఫాలో ఆయన్ని కూర్చోబెట్టి చూపించాలి. నది కథ నోట్లోంచి మళ్ళీ రాకూడదు. అంతే నా కోరిక.

దీవిలో తెల్లారగానే డైవింగ్ దుకాణానికి వెళ్ళాను, మొదటి బేరం నాదే కావాలని. అక్కడి మాస్టారు మనవాడే. తాతలు సోంపేట నుంచి వలస వచ్చారట.

"బోణీ బేరం. సగానికి చూడు తమ్ముడూ" అన్నాను.

"సముద్రానికి బోణీ ఏటండి బాబూ?"

"సముద్రానికి లేదు, నీకుంది."

అతను బల్ల మీదున్న దేవుడి పటం వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మా నాన్నదీ అదే చూపు. నేను చెప్పులేసుకుని నాలుగడుగులు నడిచాను.

"ఆగండాగండి! వీడియో తీసేత్తే మీరన్న రేటుకి ఇత్తాను."

"తీసెయ్" అన్నాను.

మా వ్యాపారంలో అలవాటది. మూత లేకుండా ఎంత, డబ్బా లేకుండా ఎంత అని ఒక్కొక్కటీ ఊడదీసి రేటు దించడం. నోరు అలవాటు ప్రకారం అనేసింది. పైగా ముప్పై నిమిషాల మీద ఇంకో అయిదు నిమిషాలు కొసరు కూడా పుచ్చుకున్నాను. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడ్డాక గాని, నేను ఊడదీయించిన మూత ఏమిటో తెలియలేదు. సిగ్గుతో మళ్ళీ అడగలేకపోయాను.

ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదడం, నోటితో మాత్రమే పీల్చడం నేర్పాడు. తర్వాత నా వీపు మీది సిలిండరు పట్టుకుని కిందికి దింపాడు. నా ఊపిరి చప్పుడు నాకే బుసలా వినిపించింది. కాసేపటికి ఇంకో చప్పుడు, పటికబెల్లం కొరుకుతున్నట్టు. చిలక చేపలు పగడాన్ని కొరుకుతున్నాయి. ఒకచోట పగడం దువ్వెనలా, ఒకచోట తోమని పళ్ళెంలా పసుపుపచ్చగా, పక్కనే చచ్చి సున్నంలా తెల్లగా ఉంది. బావ మీద కోపం ఒక్క క్షణం మరిచిపోయాను. అంతలో మాస్టారు సిలిండర్లో గాలి ఎంత మిగిలిందో చెప్పే ముల్లు చూపించి పైకి వేలెత్తాడు. పద్దెనిమిది నిమిషాలే అయింది. నేను అయిదు వేళ్ళు చూపించాను. అతను మళ్ళీ ముల్లే చూపించాడు.

ఒడ్డుకొచ్చాక నిలదీశాను. "నా కొసరేది?"

"మీరే పీల్చేసినారండి బాబూ. బయమున్నోళ్ళు రెండింతలు పీల్చేత్తారు."

"సరే, రేపు మళ్ళీ దిగుతాను. వీడియోతో."

"రండి. ఫుల్ రేటు. బోణీ అయిపోయింది కదేటి."

ఇచ్చాను. మర్నాడు ఇంకొకతను కెమెరాతో ముందు ఈదాడు. ఆ వీడియో చూసుకుంటే నా కళ్ళు అద్దంలోంచి ఊడిపడేలా ఉన్నాయి. నా తల వెనక, మొదటి నుంచి చివరి దాకా, మాస్టారి చెయ్యి.

"ఈ చెయ్యి కనపడకుండా కోసెయ్యగలవా?" అని మాస్టారినే అడిగాను.

"కొత్తోళ్ళందరికీ ఆ సెయ్యి ఉంటాదండి. ఒగ్గేత్తే బుడగలాగ పైకి పోతారు. శానామంది కోయించుకునే ఇంటికి పంపుకుంటారు."

నేను ఫోను తీసి, బావ చుట్టాలందరికీ పంపిన వీడియో వెతికాను. ఆపి, జరిపి, మళ్ళీ ఆపి చూశాను. దొరికింది. ఒకేఒక్కచోట, పైఅంచున, నల్ల తొడుగు వేసుకున్న నాలుగు వేళ్ళు. కోసినవాడు మరిచిపోయాడు. నా వీడియో అక్కడికక్కడే చెరిపేశాను. దానితో ఇక పని లేదు.

అక్క ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయ్యాక, విస్తర్లు వేస్తుండగా అడిగాను. "బావా, నీ వీడియో ఇంకోసారి పెట్టవా?"

సంబరంగా పెట్టాడు. రిమోటు నేను తీసుకున్నాను. సరైన చోట ఆపాను.

"బావా, నీకెన్ని చేతులు?"

"ఏటిరా ఎర్రి పెశ్న? రెండే."

"మరి ఇదెవలిది?"

మేనకోడలు టీవీ దగ్గరికెళ్ళి వేలుపెట్టి మూడో చెయ్యి దాకా లెక్కపెట్టింది. "పాపా, యే తీస్‌రా హాథ్ కిస్‌కా హై?"

"పిల్లి కూనని మోసినట్టు మోత్తన్నారు కదే అల్లుడ్ని!" అంది మా అమ్మ, పప్పు గరిటె ఎత్తి పట్టుకుని.

నా మీద నవ్విన నవ్వుకి ఇది రెండింతలు. బావ చెవులు ఎర్రబడ్డాయి. లేచి టీవీ ఆపేశాడు. అక్క నా విస్తరిలో అన్నం కాస్త విసురుగానే వేసింది. నేను మాత్రం రెండు బూరెలు ఎక్కువ తిన్నాను.

రెండు నెలల తర్వాత బిర్సానగర్‌లో మా చుట్టాల బారసాల. భోజనాలయ్యాక మేనకోడలు మామూలుగా తాళాల కథ చెప్పమని అడిగింది. "పాపా, చాబీవాలీ కహానీ సునావో నా."

"ఏ కత? నాకు గేపకం నేదు" అని బావ మంచినీళ్ళకి లేచిపోయాడు.

అందరూ నా వైపు చూశారు. సరే, నేనే మొదలుపెట్టాను. కానీ మునిగినవాడికి ఏం తెలుస్తుంది? నది ఎంత వెడల్పో, నేను ఎంతసేపు కొట్టుకున్నానో, అదంతా పై నుంచి చూసినవాడికే తెలుసు. నాకు తెలిసింది జుట్టు దగ్గర నొప్పి ఒక్కటే, దాని చివర ఆ చెయ్యి. అదే చెప్పాను. ఎవరూ పెద్దగా నవ్వలేదు. "మూడు తాళాలు పోయాయి" అని ముగించాను.

"రెండే" అన్నాడు బావ గుమ్మంలోంచి, గ్లాసు పట్టుకుని. మళ్ళీ వెళ్ళిపోయాడు.

ఇక బిల్లు. విమానం. రెండు డైవులు, ఒకటి వీడియో లేకుండా, ఒకటి అడిగినంతకి. వారం రోజులు మూసిన కొట్టు. ఇంతా ఇచ్చి తెచ్చుకున్నది ఒక నిమిషం నవ్వు, రెండు బూరెలు. పోగొట్టుకున్నది, నా కథని నాకన్నా బాగా చెప్పే ఒక్క మనిషిని. వీపు వెనక సిలిండరు పట్టుకున్న చేతికి ఫుల్ రేటు ఇచ్చాను. నదిలో జుట్టు పట్టుకున్న చేతికి ఇంతవరకూ ఏమీ ఇవ్వలేదు, అది బాకీ. అయితే లెక్క నిజంగా రాయాలంటే ఇదీ రాయాలి: ఆ ఒక్క నిమిషం నవ్వు మళ్ళీ ఎక్కడైనా అమ్మకానికి వస్తే, నేను బేరమాడకుండా కొంటాను.