కుర్చీలో గొడుగు

ఆ రోజుల్లో నా పరువూ, నా వీసా, మా అపార్ట్‌మెంటు అద్దె అన్నీ కలిసి ఒక పచ్చ చుక్క మీద నిలబడి ఉండేవి. కంపెనీవాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ప్రతివాడి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది కదా, అదే. మౌస్ కదులుతున్నంతసేపు పచ్చగా ఉంటుంది. ఐదు నిమిషాలు చెయ్యి తీస్తే పసుపురంగులోకి తిరుగుతుంది. పసుపురంగంటే మనిషి సీట్లో లేడని. టెక్సాస్‌లోని ప్లేనోలో మా రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో పడగ్గది మూల ఒక బల్ల వేసుకుని, ఇంటి నుంచే పని కాబట్టి హాయిగా ఇంట్లో ఉంటున్నాననుకునేవాణ్ణి. నిజానికి ఆఫీసే మా ఇంటికొచ్చి తిష్ఠ వేసింది. స్నానానికి వెళ్ళేముందు మౌస్‌ని ఒకసారి గట్టిగా తిప్పి, పరుగెత్తుకెళ్ళి, నాలుగున్నర నిమిషాల్లో తలమీద షాంపూ నురగతోనే తిరిగొచ్చిన రోజులున్నాయి. (అప్పట్లో నాకు షాంపూ అవసరమయ్యేంత జుట్టుండేది.) నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో మనిషి దేనికైనా భయపడగలడు.

మా కంపెనీలో సెలవులకు లెక్క లేదు. నిజంగానే, అన్‌లిమిటెడ్ లీవ్. చేరిన రోజు ఆ కాయితం చదివి, ఇక ఏడాదికి రెండుసార్లు ఇండియా వెళ్ళిరావచ్చని మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను. లెక్క లేని సెలవుల్లో ఎన్ని పెట్టుకోవచ్చో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పెట్టరని తర్వాత తెలిసింది. పెట్టేది పైవాళ్ళే. మా వైస్ ప్రెసిడెంటు ఒకాయన ఉండేవాడు. ఆయనకి సరస్సు ఒడ్డున ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక పడవ, ఆ పడవలో ఎప్పుడు చూసినా ఆయన. మేమంతా ఆయన్ని పడవదొర అనుకునేవాళ్ళం. నెలకి రెండు గురువారాలు ఆయన దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చేది. "నేను కుటుంబంతో గడపడానికి వెళుతున్నాను. జీవితమంటే పని ఒక్కటే కాదు. మీరూ మీవాళ్ళతో గడపండి" అని. కింద పడవలో కాళ్ళు చాపుకున్న ఫోటో. గంట తిరక్కుండా అదే పడవలోంచి ఇంకో మెయిల్: "శనివారం అందరూ అందుబాటులో ఉండగలరా?" మొదటిదానికి మేమంతా గుండె బొమ్మలు పెట్టేవాళ్ళం, రెండోదానికి యస్ అని రాసేవాళ్ళం.

ఆ ఏడు మా ఆవిడకి ఐదో నెల. అత్తగారు పోయి అప్పటికి మూడేళ్ళయింది. అందుకని పురిటికి సాయంగా మా మావగారొక్కరే వచ్చారు. తాలూకా ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. టెక్సాస్‌లో ఎండలు ఎక్కువని ఎవరో చెప్పారట, వంకీ పిడి ఉన్న నల్ల గొడుగొకటి చేత్తో పట్టుకుని, మూడు విమానాలు మారి దిగారు.

అప్పటికి రెండు స్కాన్లకు నేను వెళ్ళలేదు. ఒకసారి కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్, ఇంకోసారి అర్జెంట్ మీటింగ్. (ఆ అర్జెంటేమిటో ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా గుర్తు రావడం లేదు.) మూడోది పెద్ద స్కాన్, బిడ్డ కాళ్ళూ చేతులూ గుండే అన్నీ చూసేది. గురువారం మధ్యాహ్నం రెండింటికి. మా ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. దోసె తిరగేస్తూ నెమ్మదిగా చెప్పింది. "స్క్రీన్ మీద బిడ్డ కనబడుతుంటే నీకు చూపిద్దామని పక్కకి తిరుగుతాను. ఖాళీ కుర్చీ ఉంటుంది. ఆ నర్స్ రెండుసార్లూ అడిగింది, ఎవరైనా వస్తున్నారా అని. అమ్మ ఉంటే నిన్ను అడిగేదాన్నే కాదు. ఈసారీ రాకపోతే ఇంకెప్పుడూ అడగను." ఆ చివరి మాటకి నాకు నిజంగా భయమేసింది.

మా టీమ్ లీడ్‌ని మేము ఓరుగల్లన్న అనేవాళ్ళం. మంచివాడు. నిజం చెప్పి భయపెట్టడం ఒక్కటే ఆయనలో లోపం. ఫోన్ చేసి, "అన్నా, గురువారం హాఫ్ డే లీవ్ పెట్టుకోనా?" అని అడిగాను.

"పెట్టుకో తమ్మీ, ఎవరొద్దన్నరు? అన్‌లిమిటెడే కదా. గని లేఆఫ్ లిస్టు తయారైతుందంట. పోయినసారి లిస్టుల పడ్డోళ్ళు చానమంది అంతకుముందు వారం లీవుల ఉన్నోళ్ళే. నేనైతే ఏం చెప్తలేను. నీ ఇష్టం మల్ల."

ఉద్యోగం పోతే మా వీసా మీద అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగమైనా చూసుకోవాలి, పెట్టెలైనా సర్దుకోవాలి. కడుపుతో ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని పెట్టెలు సర్దడం తలుచుకుంటేనే చెమటలు పట్టాయి. పోనీ ఫోన్‌లో లాగిన్ అయి వెళదామా అంటే, చుక్క పక్కన ఫోన్ బొమ్మ వచ్చి వీడు బయట తిరుగుతున్నాడని చాటింపు వేస్తుంది. మౌస్‌ని దానంతటదే కదిపే యంత్రం కొందామా అంటే, అది వాడి దొరికిపోయి అప్పటికే ఒకతని ఉద్యోగం ఊడింది. ఇదంతా నేను హాల్లో అటూ ఇటూ తిరుగుతూ మా ఆవిడకి వివరిస్తుంటే, మావగారు కాఫీ తాగుతూ విన్నారు.

"అల్లుడుగారూ, ఒక్క మాట. ఆ చుక్క మీరు కుర్చీలో ఉన్నారని చెప్పడానికేనా?"

"అవునండీ."

"పని చేస్తున్నారని చెప్పడానిక్కాదు?"

ఆలోచించాను. "కాదండీ. ఉన్నానని చెప్పడానికే."

"ఓస్, ఇంతేనా! మా ఆఫీసులో దానికి గొడుగుండేదండీ. కుర్చీకి గొడుగు తగిలించి, బల్ల మీద కళ్ళజోడు పెట్టి వెళితే మనిషి ఇక్కడే ఎక్కడో ఉన్నట్టు లెక్క. తాసీల్దారుగారు కూడా గొడుగుని చూసి వెళ్ళిపోయేవారు. అలా గొడుగు పెట్టి నేను టీకి వెళ్ళాను, మ్యాట్నీకి వెళ్ళాను, ఓసారి పక్కూళ్ళో పెళ్ళికెళ్ళి భోంచేసొచ్చాను." ఆయన కప్పు కింద పెట్టారు. "మీ అత్తగారి కాన్పులు రెండిటికీ మాత్రం వెళ్ళలేదండీ. జమాబందీ తనిఖీ జరుగుతోంది, పైవాళ్ళేమనుకుంటారోనని కుర్చీలోంచి లేవలేదు. గొడుగు మేకుకి వేలాడుతూనే ఉంది, నాకు తోచలేదంతే. మీరెళ్ళండి. మీ గొడుగుగా నేనుంటాను."

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకోడానికని నాకు తెలుసు.

యంత్రాన్నైతే పట్టుకోగలరు గాని, మావగారిని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. గురువారం మధ్యాహ్నం ఆయనకి పని నేర్పాను. "నాలుగు నిమిషాలకోసారి దీన్ని ఇలా కదపండి చాలు. కింద ఏదైనా మెసేజ్ వస్తే మాత్రం ముట్టుకోకండి." "ఆఁ, ఆఁ" అన్నారు. (ఆయన సర్వీసులో 'ఆఁ' అంటే విన్నానని మాత్రమే అర్థమని నాకు అప్పటికి తెలియదు.) ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అలవాటు కొద్దీ గొడుగు తెచ్చి కుర్చీ వీపుకి తగిలించి, మౌస్ మీద చెయ్యి వేసి నిటారుగా కూర్చున్నారు. నేను ఆ కుర్చీలో అంత మర్యాదగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఆస్పత్రిలో ఆ చీకటి గదిలో, మా ఆవిడ చెప్పిన ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. స్క్రీన్ మీద బిడ్డ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకుని ఉంది. వేళ్ళు లెక్కపెట్టి చూపించారు. గుండె చప్పుడు వినిపించారు. మా ఆవిడ పక్కకి తిరిగింది, ఈసారి నేనున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఆ ముప్పావుగంటలో చుక్క సంగతే గుర్తుకు రాలేదని రాయాలని ఉంది గాని, రెండుసార్లు వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మావగారు మంచి సంతృప్తిగా కనిపించారు. ముందు బిడ్డ సంగతంతా అడిగి తెలుసుకుని, ఫోటో చూసి కళ్ళకద్దుకుని, తర్వాత మామూలుగా అన్నారు. "మీకో కాయితం వచ్చిందండీ, మీ పడవదొరగారి నుంచి. జవాబు రాసి డిస్పోజ్ చేసేశాను."

ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాను. మావగారు టైపు హయ్యర్ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషని, కీబోర్డు వంక చూడకుండా కొడతారని అంత కంగారులో నేను మర్చిపోయాను. స్క్రీన్ మీద అంతా వరసగా ఉంది. పడవదొర "ఉన్నావా? క్విక్ క్వశ్చన్" అన్నాడు. మావగారు "యస్ సర్, ప్రెజెంట్" అన్నారు. దొర, "ఈ వీకెండ్ టీమంతా కూర్చుని రిలీజ్ శనివారమే చేసేద్దామా? సోమవారం దాకా ఎందుకు?" అన్నాడు. మావగారు, "యువర్ మెసేజ్ రిసీవ్డ్. ద మేటర్ ఈజ్ అండర్ యాక్టివ్ కన్సిడరేషన్." దొర, "అంటే యస్సా, నోనా?" మావగారు, "కైండ్లీ ఫర్నిష్ ద రీజన్స్ ఫర్ అర్జెన్సీ ఇన్ రైటింగ్." తర్వాత పన్నెండు నిమిషాలు ఏమీ లేదు. ఆ పన్నెండు నిమిషాలూ పడవలో ఏం జరిగిందో దేవుడికే తెలియాలి. ఆ తర్వాత దొర రాశాడు: "నిజమే. కారణమేమీ లేదు. ఊరికే అనిపించింది. సోమవారమే చేద్దాం. వీకెండ్ బాగా గడపండి." దానికి కింద మావగారి సంతకం లాంటి ఆఖరి వాక్యం, "నోటెడ్. ఫైల్ క్లోజ్డ్."

"ఏంటండీ ఇది! మెసేజ్ ముట్టుకోవద్దన్నాను కదా మావయ్యగారూ!" అన్నాను ఏడుపు గొంతుతో.

"అర్జెంటని వచ్చిన కాయితానికి కారణం రాసిమ్మని అడిగితే సగం మళ్ళీ తిరిగి రావండీ. పదిమంది ఆదివారం పాడుచేసేముందు ఎందుకో చెప్పమనడం తప్పా? మా ఆఫీసులో కలెక్టరుగార్ని కూడా అడిగేవాళ్ళం." ఆయన చొక్కా మార్చుకోడానికి వెళ్ళిపోయారు.

ఆ శని, ఆదివారాలు పదకొండుమంది తమ తమ ఇళ్ళల్లో ఉన్నారు. ఓరుగల్లన్న పిల్లల్ని జూకి తీసుకెళ్ళి ఫోటోలు పంపాడు. నేనొక్కణ్ణే పెట్టెల వంక చూస్తూ గడిపాను.

సోమవారం కంపెనీ మొత్తానికి మీటింగ్. పడవదొర తెర మీదికి వచ్చి నా పేరు చెప్పి, ఆ మెసేజ్‌లన్నీ పైకి చదివాడు. ఇక అయిపోయిందనుకున్నాను. "పన్నెండు నిమిషాలు ఆలోచించాను. ఇన్నేళ్ళలో నన్ను ఎందుకని అడిగిన మొదటి మనిషి ఇతనే. ఇదీ నాయకత్వమంటే!" అన్నాడు. నాలుగు వందల మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. (ఇప్పటికీ లేదు, అందుకే తెలుగులో రాస్తున్నాను.) బహుమానంగా నన్ను కంపెనీ వర్క్-లైఫ్ బ్యాలెన్స్ కమిటీలో వేశారు. పైవాళ్ళకి వారమంతా తీరిక ఉండదు కాబట్టి ఆ కమిటీ ఆదివారం సాయంత్రం ఐదింటికి కూడేది. ఉద్యోగులు ఆదివారాలు కుటుంబంతో గడిపేలా ఏం చేయాలని నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం చర్చించాం. మా ఆవిడ సాంబారు వేడి చేసి నా భోజనం ఆ బల్ల దగ్గరికే తెచ్చిపెట్టేది. ఓరుగల్లన్న, "తమ్మీ, నిన్ను చూసి నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు" అన్నాడు.

పాప ఆదివారం నాడే పుట్టింది. కమిటీ మొదలైన పది నిమిషాలకి నొప్పులు మొదలయ్యాయి. నేను కారు తాళాల కోసం పరిగెత్తాను. ఈసారి మావగారు కూడా చెప్పులేసుకుని తయారయ్యారు. "ఇంకెవరికీ గొడుగుని కానండీ నేను, ఆస్పత్రికే వస్తా" అన్నారు. వెళుతూ వెళుతూ ఆ నల్ల గొడుగుని మాత్రం కుర్చీలో నిలబెట్టి వచ్చారు. కెమెరా ఆపడం నేను మర్చిపోయాను. తర్వాత మీటింగ్ రికార్డింగ్ చూస్తే, గంటా ఇరవై నిమిషాలు నా పేరుతో గొడుగు కూర్చుని ఉంది. ఉద్యోగుల క్షేమం గురించి తొమ్మిది మంది మాట్లాడారు. కుర్చీలో మనిషికి బదులు గొడుగెందుకుందని ఒక్కరూ అడగలేదు. చివర్లో పడవదొర, అందరూ ఓపిగ్గా కూర్చున్నందుకు ధన్యవాదాలు చెప్పాడు.

ఏడేళ్ళయింది. ఈ మధ్య నన్ను కూడా పైవాళ్ళలో కలిపారు. పడవ కొనేంత ఎదగలేదు గాని, క్యాలెండర్‌లో 'ఫోకస్ టైమ్' అని రాసుకుని మధ్యాహ్నం మూడింటికి బయటికి వెళ్ళగలను. నా చుక్క ఏ రంగులో ఉందని ఎవరూ అడగరు. మొన్న బుధవారం అలాగే ఫోకస్ టైమ్ పెట్టుకుని పాప స్విమ్మింగ్ క్లాస్‌కి వెళ్ళాను. గట్టు పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి, మా టీమ్ వాళ్ళ చుక్కలు చూస్తున్నాను. ఎందుకంటే ఏం చెప్పను, చెయ్యి దానంతటదే పోతుంది. అరిజోనాలో చాండ్లర్ నుంచి పనిచేసే ఒకమ్మాయి ఉంది, నాలుగు నెలల పసిబిడ్డ తల్లి. ఆ అమ్మాయి చుక్క గంటన్నరగా చెక్కు చెదరకుండా పచ్చగా ఉంది. నాకు అనుమానం వచ్చింది. "ఉన్నావా? క్విక్ క్వశ్చన్" అని కొట్టాను. నా దగ్గర క్వశ్చనేమీ లేదు.

నిమిషంలో జవాబొచ్చింది. "రెస్పెక్టెడ్ సర్, ప్రెజెంట్. క్వశ్చన్ మే కైండ్లీ బి పుట్ అప్."

గట్టిగా నవ్వేశాను. పక్కన కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. నవ్వయ్యాక చాలా సిగ్గేసింది. "నో క్వశ్చన్ సర్. ఫైల్ క్లోజ్డ్" అని రాసి, తలెత్తేసరికి ఎదురుగా పాప నీళ్ళోడుతూ నిలబడి ఉంది.

"డాడీ, చూసావా? నేను ఎండ్ వరకు వెళ్ళాను, ఆపకుండా!"

"చూశాను తల్లీ. సూపర్."

"నువ్వు చూడలేదు. నువ్వు ఫోన్ చూసి నవ్వావు. నేను చూసాను."

ఎందుకు చూడలేదో కారణం రాసిమ్మని అడిగితే నా దగ్గర ఏమీ లేదు. "ఇంకోసారి వెళ్ళవా?" అన్నాను. పాప, "ఓకే. కానీ నువ్వు నిలబడి చూడాలి" అంది. ఫోన్‌ని కుర్చీలో పెట్టేసి నీళ్ళ అంచు దాకా వెళ్ళి నిలబడ్డాను. వెనకాల అది రెండుసార్లు గుర్రుమంది, పడవదొరే అయ్యుంటాడు. ఫోన్ కుర్చీలో ఉంది కదా, మనిషి ఇక్కడే ఎక్కడో ఉన్నట్టు లెక్క.