పిండిలో పోగులు

దయ్యాల విషయంలో మా చుట్టాలందరూ నన్ను పండితుడి కింద లెక్కగడతారు. కారణం నా చదువు కాదు, నా మంచం. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ క్యాంపు గదిలో నా మంచం పరాయి దేశాల మంచాల మధ్య ఇరుక్కుని ఉండేది. సెలవు రోజు మధ్యాహ్నం బట్టలు ఆరేసుకుంటూ ఒక్కొక్కరూ తమ ఊరి దయ్యాన్ని పరిచయం చేసేవారు. బంగ్లాదేశ్ అతని దయ్యానికి చేపలంటే ప్రాణం (దయ్యానికి ఆ మాట వాడొచ్చో లేదో). సంచిలో చేపలతో ఇంటికి వెళ్లేవాడి వెనకే వస్తుందట. నేపాల్ అతని దయ్యానికి తలే లేదు. ఫిలిప్పీన్స్ అతను కథలు తక్కువ, జాగ్రత్తలు ఎక్కువ చెప్పేవాడు. చావింటి నుంచి నేరుగా సొంతింటికి పోకూడదనీ, దారిలో ఎక్కడో ఒకచోట ఆగకపోతే పోయినవాళ్లు వెంట వస్తారనీ అనేవాడు. పోయినవాళ్ల అడుగు కోసం తమ వైపు కొందరు నేలమీద బూడిద చల్లి చూస్తారని కూడా చెప్పాడు. అది వినగానే లేచి కూర్చుని, "మా దగ్గర పిండి" అన్నాను, రెండు ఊళ్ల వంటలు పోల్చుకుంటున్నట్టు.

అన్ని దేశాల దయ్యాలనూ పోగేసుకుని కోరుట్లకు తిరిగొచ్చేసరికి నా జ్ఞానం పెరిగింది, ధైర్యం తరిగింది. ఇప్పటికీ చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లాలంటే మా ఆవిడతో ఏదో ఒక మాట కలిపి, మాట తెగకుండా వెంట తీసుకెళ్తాను.

మొన్న ఎండాకాలంలో సిరిసిల్లలో మా చిన్నాయన పోయాడు. అమ్మ చెల్లెలి భర్త. వయసంతా సాంచల మీద, అంటే మరమగ్గాల మీద గడిపిన మనిషి. పగలు నడిపితే రాత్రి నిద్ర, రాత్రి నడిపితే పగలు నిద్ర, రెండు పూటలూ నడిపితే నిద్రే లేదు. చివరికి చెవులు వినపడక, దూది నూగు పీల్చిన దగ్గుతో మంచం పట్టాడు. ఆయన్ని పాడె మీద తీసుకెళ్తుంటే చిన్నమ్మ వేరే ఏదీ అడగలేదు. "మల్ల పుడితె పిట్టయి పుట్టు, చెట్టయి పుట్టు. గా సాంచ కాడికి మాత్రం రాకయ్యా!" అని ఏడ్చింది.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. దహనం అయ్యాక, ప్రాణం పోయిన చోట నేల తుడిచి, జల్లించిన జొన్నపిండి పలుచగా పరిచి, పక్కన దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లిస్తారు. పొద్దున ఇంటి పెద్ద గంప ఎత్తి జాడ చూస్తారు. పిట్ట కాలుంటే పిట్ట జన్మ, పసిపాదం ఉంటే మనిషి జన్మ. ఏ జాడా లేకపోతే ఆ మనిషికి ఇక పుట్టుక లేదు.

జగిత్యాల నుంచి వచ్చిన చిన్నమ్మ కూతురు, నాకు చెల్లెలు, పిండి జల్లించి పరిచింది. "అన్నా, దేశదేశాల దయ్యాలను చూసినోనివి. పొద్దుగాల గంప ఎత్తేటప్పుడు నువ్వు దగ్గరుండాలె" అంది.

"చూడలేదే, ఇన్న."

"గదే. చూసినోళ్లకంటె ఇన్నోళ్లకే ఎక్కువ ఎర్క."

తెల్లారాక చిన్నాయన అక్క గంప ఎత్తింది. వంగి చూసింది. గంప చేతిలో అలాగే ఉండిపోయింది. పిండి నిండా సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు.

"పిట్ట గాదు. పాము గాదు" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, "పోగులు. ఇవి పోగులే. మా తమ్ముడు ఆడ సుత సాంచలే నడుపుతుండు!" అంది.

చిన్నమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. ఈసారి ఏడవలేదు. "సచ్చినంక సుత సెలవు దొరకకపాయెనా అయ్యా" అని మాత్రం అంది.

చెల్లెలు నా మోచేయి పట్టుకుంది. "అన్నా, ఏదన్న చెప్పు. మీ దోస్తుల దేశాలల్ల గిట్ల గీతలు పడితె ఏమంటరు?"

నా దయ్యాలన్నిటినీ వరసగా నిలబెట్టి చూసుకున్నాను. చేపల దయ్యం ఇక్కడ అక్కరకు రాదు. తల లేని దయ్యం సంగతి ఎత్తుదామంటే, ఆ క్షణాన తల లేనట్టున్నది నేనే. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటివాళ్లు పంపిన టీ నా చేతిలో ఉంది. ఆ టీ వణుకుతోంది. ఎవరైనా చూస్తే పరువు పోతుందని గ్లాసును బండల మీద పెట్టాను. చేతులు రెండూ ఒళ్లోకి తీసుకున్నాను. టీ వణకడం మానలేదు.

వణుకుతున్నది నేనొక్కణ్నే కాదని అప్పుడు అర్థమైంది.

"చెల్లె, పక్క షెడ్డుల సాంచలు నడుస్తున్నయి గద?"

"ఏం సాంచలు?" అంది.

ఆమె జగిత్యాల కోడలైనా సిరిసిల్లలో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఊరివాళ్లకు సాంచలు నడిస్తే వినపడదు, ఆగితే వినపడుతుంది. అందరూ చెవి ఒగ్గారు. గోడ అవతల ఢకఢకలు. షెడ్డు ఆసామి మర్యాదకు నిన్న పొద్దంతా ఆపి, రాత్రి షిఫ్టుకు మళ్లీ నడిపించాడు. ఆ మోతకు తెల్లవార్లూ నిద్రపట్టక దొర్లింది కోరుట్లవాణ్ని నేనొక్కణ్నే. అయినా దానికీ పిండికీ ముడిపెట్టలేదు. భయపడే పనిలో తీరిక లేకపోయింది.

వెళ్లి ఆసామిని పిలుచుకొచ్చాను. "తప్పయింది వదినా, అర్జెంటు మాల్ ఉండె" అని ఆయన చేతులు జోడించాడు. సాంచలు ఆపించాడు. గ్లాసులో టీ నిలిచింది. చెల్లెలు పక్క బండ మీద కొత్త పిండి పరిచింది. పిండి కదల్లేదు. మళ్లీ నడిపించాడు. మేమంతా చూస్తుండగానే పిండి సన్నగా జరిగి, గీతలు కట్టింది.

చిన్నమ్మ మోకాళ్ల మీద పాకుతూ వచ్చింది. "మల్లొక్కసారి ఆపు" అంది. ఆపించాడు. "నడిపియ్యి." నడిపించాడు. షెడ్డుకూ గడపకూ మధ్య తిరిగి తిరిగి ఆసామికి చెమటలు పట్టాయి.

"అయితె, ఆయన అడుగేది?" అంది చిన్నమ్మ.

చిన్నాయన అక్క రాత్రి పరిచిన పిండి మీదకు మళ్లీ వంగింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికింది. "లేదు. చీమ కాలు సుత లేదు."

"లేదంటె?"

"లేదంటె ఏందే, పుట్టుడు లేదు. పోయిండు. మొత్తానికే పోయిండు మా తమ్ముడు."

అన్ని గీతలు పడ్డ పిండిలో అడుగు పడినా చెరిగిపోయి ఉండొచ్చు కదా అని నాకు తోచింది. ఆ మాటను మింగి, దాని మీద చల్లారిన టీ తాగాను. నా పాండిత్యం ఎవరికైనా మేలు చేసిందంటే ఆ ఒక్కసారే, నోరు విప్పనందుకు.

"పోయిండు" అంది చిన్నమ్మ. నిన్నటి నుంచి ఆ మాట వినపడితే చాలు, ఏడుపు అందుకున్న మనిషి. ఇప్పుడు మాత్రం బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"దినాలు అయ్యేదాక బంద్ పెట్టుమంటవా వదినా?" ఆసామి అడిగాడు.

"ఎందుకు? నడిపియ్యి. ఆయన ఇగ దాంట్ల లేడుగ."

చిన్నమ్మ చాప మీద అటు తిరిగి పడుకుంది. చెల్లెలు చెంబుతో నీళ్లు తెచ్చేలోపే గురక మొదలైంది. గోడ అవతల సాంచలన్నీ దడదడమంటుంటే, ఇవతల మేం ఆమె ఎక్కడ లేస్తుందోనని గుసగుసలాడుకుంటూ, గిన్నె మీద గిన్నె తగలకుండా మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.