వంకర కుట్టు

మా నాన్న ముప్పై ఏళ్లు దర్జీ పని చేశాడు. ఇంకొకరు కుట్టింది ఏదీ ఆయన కంటికి ఆనేది కాదు. కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయాక, రెండు నెలలకోసారి ఆసుపత్రిలో మూడు గంటలు పడుకుని నరంలోకి మందు ఎక్కించుకోవాల్సి వచ్చింది. సూదికి వీలుగా ఉంటుందని అమ్మ ఆయన చొక్కాల ఎడమ చేతులు విప్పి, అంచులు మడిచి కుట్టి, టిచ్ బటన్లు పెట్టింది.

బాటిల్ తగిలించగానే నాన్న మొదలుపెట్టేవాడు. "ఇది కుట్టా, కోడి కెలికిందా? ఇన్నేళ్లు నా పక్కన కూర్చుని నేర్చుకుంది ఇదేనా?"

నర్సులు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. అమ్మ మాత్రం ఆయన దుప్పటి సర్దేది.

పోయిన వారం, ఇక కత్తెర పట్టలేనని నాన్న మిషను అమ్మేశాడు. అప్పట్నుంచి నోరు విప్పలేదు. అందుకే అమ్మ ఈసారి కొత్త చొక్కాకి కావాలనే వంకరగా కుట్టింది. "నాలుగు చీవాట్లు పెడితే మనిషి తేరుకుంటాడే" అంది నాతో.

మందు చుక్కచుక్కగా దిగుతోంది. నాన్న ఆ కుట్టు మీద వేలు ఆనించి, చివరిదాకా మెల్లగా జరిపాడు.

"బాగా కుట్టావు" అన్నాడు.

అమ్మ ఆ చొక్కా చేతి అంచుని ఆయన కళ్ల దగ్గరికి లాగింది.

"సరిగ్గా చూడండి" అంది. "చూసి తిట్టండి."