కారు ముక్కు చూపించిన వరదన్

ఎవరి కూతురు ఎవరితో వెళ్లిపోయింది, ఎవరు ఎకరం ఎంతకి అమ్మారు, పక్కింటి పులుసులో చింతపండు ఎక్కువైందా తక్కువైందా, అన్నీ కావాలి మీకు. కనకమ్మ సత్రం కూడలిలో ముప్పై ఏళ్లు బండ్ల కింద వెల్లకిలా పడుకున్న వరదన్ గురించి మాత్రం ఒక్కరైనా అడిగిన పాపాన పోయారా? మీ బండ్లు పొగలు కక్కినప్పుడు వాడి పేరు గుర్తొచ్చింది, తర్వాత మరిచిపోయారు. సరే, ఇప్పుడైనా నోరు మూసుకుని వినండి.

వరదన్‌ది వేరుశెనగ పండించుకునే ఇల్లు. బడి ఐదో తరగతితో సరి. తిరువళ్లూరులో పని నేర్చుకుని వచ్చి, కూడలిలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. పొగ పరీక్షకి పోవాల్సిన ముసలి డీజిల్ కారు ఏదైనా ముందు వాడి దగ్గరికే వచ్చేది. వాడి దగ్గర మిషనూ లేదు, గిషనూ లేదు. ఉతికిన తెల్ల పంచె ముక్క పొగగొట్టానికి కట్టి, మూడుసార్లు యాక్సిలేటర్ తొక్కించి, విప్పి చూసేవాడు. మసి పొడిగా ఉంటే ఒక రోగం, జిడ్డుగా ఉంటే ఇంకో రోగం. అంతా బాగానే ఉంది కానీ, పని చేస్తూ నోరు ఊరుకునేది కాదు. పక్కన ఎవరు నిలబడితే వాళ్లకి పాఠం మొదలుపెట్టేవాడు. ఇది గుండె, ఇది పొట్ట, ఇది గొంతు అని. అదేదో తను కన్న బిడ్డ అయినట్టు.

ఏకాంబరం కారు వాడి దగ్గరికి వచ్చేసరికి దానికి ఇరవై రెండేళ్లు. పొగ పరీక్షలో అప్పటికే రెండుసార్లు తప్పింది. మిషనులో అంకె అరవై ఐదు దాటకూడదు. మొదటిసారి ఎనభై ఒకటి వచ్చింది, రెండోసారి డెబ్బై ఏడు. పాత కాగితం గడువు ఆ శనివారంతో సరి. పొగ కాగితం లేకపోతే ఎఫ్.సి., అదే బండి రోడ్డుకి పనికొస్తుందనే కాగితం, ఇవ్వరు. ఎఫ్.సి. లేని బండి రోడ్డెక్కకూడదు.

ఆ కారు ఏకాంబరానికి షోకు కాదు. అతని భార్య గోవిందమ్మకి రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, గురువారం, శనివారం తిరువళ్లూరు ఆస్పత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు ఎలాగో వెళ్తుంది, వచ్చేటప్పుడే ఒంట్లో ఏమీ ఉండదు. ఒకసారి బస్సు మెట్టు మీదే కూలిపోయింది. అప్పట్నుంచి ఆ కారే ఆమెకి కాళ్లు.

వరదన్ మూడు రోజులు వేరే బండి ముట్టుకోలేదు. ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి కడిగించాడు, ఆయిలు మార్చాడు, డీజిల్ ఫిల్టరు కొత్తది వేశాడు. శుక్రవారం సాయంత్రం గుడ్డ కట్టి చూస్తే బూడిద రంగు మరకే తప్ప నలుపు లేదు. బండి తీసుకెళ్లడానికి మొగుడితో పాటు గోవిందమ్మ కూడా వచ్చింది. తెరిచిన బానెట్ దగ్గర నిలబడి అడిగింది.

"యాడ నుంచి నాయనా ఇది గాలి పీల్చేది?"

"ఇదో అత్తా, ఈ గిన్నెలో నుంచి. ఇదే దీని ముక్కు. అడుగున నూనె ఉంటాది, దుమ్మంతా దాంట్లో పడిపోతాది. ముక్కు బాగుంటే పొగ బాగుంటాది."

ఆమె అంత శ్రద్ధగా వింటుంటే వాడికి మురిపెం ఆగలేదు. గిన్నె మూత ఎటు తిప్పితే ఊడుతుందో అది కూడా చూపించాడు, తెలివితక్కువవాడు.

శనివారం పొద్దున వరదనే కారు తోలాడు. పక్కన ఏకాంబరం, వెనక గోవిందమ్మ. పరీక్ష అయిపోతే నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి, పదకొండుకి ఆమె వంతు. కారు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయల దండ వేసి ఉంది. ఇంజను గురక పెడుతున్నట్టు అనిపించినా, పొద్దుటి చలి అనుకున్నాడు వరదన్.

పరీక్ష చేసే చోట భవ్యశ్రీ అనే అమ్మాయి పొగగొట్టంలో ట్యూబు దూర్చి తొక్కమంది. వరదన్ తొక్కాడు. నీలమూ నలుపూ కలిసిన పొగ లేచి ఆ రేకుల పాక మొత్తం కమ్మేసింది. భవ్యశ్రీ చున్నీతో ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. మిషనులో తొంభై నాలుగు.

వరదన్ ఆ అంకెను చూస్తూ ఉండిపోయాడు. ముందటి రోజు గుడ్డ మీద కనబడింది ఏమిటి, ఇప్పుడు కళ్ల ముందు ఉన్నది ఏమిటి? తన బతుకులో గుడ్డ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. వెనక వరుసలో ఉన్న గుణ అనే టాక్సీ డ్రైవరు ఊరుకోక, "ఇది కారా అన్నా, ఇటుకబట్టీనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

వరదన్ బానెట్ ఎత్తి గిన్నె మూత తీశాడు. గర్భగుడి వాసన గుప్పున కొట్టింది. నూనె అడుగున ఉండాల్సింది, అంచుదాకా నిండి సంకటి జావలా చిక్కబడింది. వేలు పెట్టి కెలికితే సాంబ్రాణి బొగ్గులు తగిలాయి, రెండు తులసాకులు తగిలాయి. చివరికి అర నిమ్మచెక్క చేతికొచ్చింది. దాన్ని ఎత్తి పట్టుకుని, పాముని చూసినవాడిలా నిలబడిపోయాడు. నవ్వేవాళ్ల నవ్వు కూడా ఆగిపోయింది.

గోవిందమ్మ కారులో నుంచే చెప్పింది.

"ముక్కు అని నువ్వే కదా అన్నావు నాయనా. పరీక్షకి పొయ్యే బిడ్డని విభూది పెట్టకుండా పంపిస్తామా? తిరుత్తణి తీర్థంలో కలిపి రవంత పోసినా. ఇంజను తిప్పి సాంబ్రాణి చూపించినా. ఎంత బాగా పీల్చుకొనిందో."

ఏకాంబరం ముఖం కందగడ్డ అయింది. "నీ సాంబ్రాణితో నీకే పాడె కట్టుకుంటివి గదే" అన్నాడు. ఆమెకి అప్పుడు అర్థమైంది తను చేసింది ఏమిటో. సూదులు గుచ్చి గుచ్చి గడ్డలు కట్టిన తన చెయ్యినే చూసుకుంటూ కూర్చుంది.

"ఆమెనేమీ అనొద్దు మామా," అన్నాడు వరదన్. "మూత తీసేది నేర్పించింది నేనే. నువ్వు అత్తని ఆటోలో పిల్చుకోని పో. తిరిగొచ్చేదానికి కారు నేను తెస్తా."

భవ్యశ్రీ శనివారం ఒంటి గంటకి మూసేస్తానంది. వరదన్ పక్కనున్న పంక్చర్ కొట్టులో కూర్చుని గిన్నెనీ లోపలి జల్లెడనీ మూడుసార్లు డీజిల్‌తో కడిగాడు. గాలి కొట్టించాడు, గీత వరకు కొత్త నూనె పోశాడు. అక్కడే ఇంకో వింత జరిగింది. ఇటుకబట్టీ అన్న గుణకి ఏం అనుమానం వచ్చిందో, తన బానెట్ కూడా ఎత్తి చూసుకున్నాడు. గాలి పీల్చే గొట్టంలో కర్పూరం పొడి, కుంకుమ. అక్కడే వాళ్లమ్మకి ఫోను చేశాడు. ఆయుధపూజ నుంచి ప్రతి శుక్రవారం పెడుతున్నాననీ, ఎవరికీ చెప్పకూడదని మొక్కుకున్నాననీ ఆమె చెప్పింది. వరుసలో మిగిలిన ఐదు బండ్ల బానెట్లూ చకచకా లేచాయి. రెండింటిలో విభూది ఉంది. నవ్వడానికి ఇంకెవరూ మిగల్లేదు.

లోపల పట్టిన మసి కాలిపోవాలని వరదన్ కారుని మూడో గేరులోనే తిరుత్తణి రోడ్డు మీద ఆరు మైళ్లు ఉరికించి తీసుకొచ్చాడు. ఇంజను వేడిగా ఉండగానే భుజం మీది తెల్ల తువ్వాలు పొగగొట్టానికి కట్టి చూశాడు. బూడిద రంగే. అయినా ఇప్పుడు దాన్ని నమ్మడానికి మనసు ఒప్పలేదు. గిన్నె మూత మళ్లీ తీసి, లోపల వేలు పెట్టి చూసుకున్న తర్వాతే బండిని మిషను ముందు పెట్టాడు. ఒంటి గంటకి పది నిమిషాలు. యాభై ఎనిమిది వచ్చింది. భవ్యశ్రీ కాగితం చేతికిచ్చినా, సరిగ్గా చూశావా తల్లీ అని రెండుసార్లు అడిగాడు.

ఆస్పత్రిలో గోవిందమ్మ చేతికి ఇంకా సూదులు ఉన్నాయి. రెండో చేత్తో కాగితం అందుకుని కళ్లకి అద్దుకుంది. మెల్లగా అడిగింది, ఇకమీదట విభూది పెట్టొచ్చా, వద్దా అని. పెట్టొద్దు అంటే ఆమె ఊరుకోదని, ఇంకెక్కడో దాచి పెడుతుందని వాడికి తెలుసు.

"ముందర బంపరుకి పెట్టు అత్తా. అది దీని నుదురు," అన్నాడు.

అప్పట్నుంచి షెడ్డుకి ఏ బండి వచ్చినా, ఆ ఇంటి ఆడవాళ్లని పిలిచి నుదురు చూపించేవాడు. ముక్కు మాట ఎత్తేవాడు కాదు. ఏకాంబరం కారు గోవిందమ్మని ఆస్పత్రికి ఇంకా నాలుగేళ్లు తిప్పింది. ఈ లోపలే ఒక గురువారం పొద్దున, షెడ్డు తలుపు తీస్తూ తీస్తూ వరదన్ గుండె ఆగి పడిపోయాడు. వాడికి అప్పుడు యాభై నాలుగేళ్లు.