రెండు తలుపుల కారు, ఆరు మిల్లీమీటర్ల అడుగు

నా పాత కారు కొనడానికి ముందుకొచ్చిన అమ్మాయి, కారులో నేను ఏమేం మార్చానో ఒక లిస్టు రాసి పంపమని ఈమధ్య ఫోనులో సందేశం పెట్టింది. లిస్టు రాయడం నాకేం కొత్త కాదు, మూడున్నర దశాబ్దాలపాటు స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్కు నింపిన చెయ్యి ఇది. కళ్ళజోడు తుడుచుకుని, పాత డైరీలో ఖాళీ పేజీ వెతికి, ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ కూర్చున్నాను. వెనక స్ప్రింగులు మార్చాను, స్టీరింగు చక్రం మార్చాను, బ్రేకులు మార్చాను. నాలుగోది రాయబోయి కలం ఆపేశాను. నాలుగోది కారు అడుగు, అంటే మనం కూర్చుంటే కాళ్ళ కిందికొచ్చే రేకు. నిజానికి మొదట మార్చింది అదే, మిగతావన్నీ దాని వెంట వచ్చినవే. ఆ అడుగు అలా వెయ్యమన్నది ఎవరో ఈ ముప్ఫై అయిదేళ్ళలో నేను ఎవరికీ నిజం చెప్పలేదు. చెప్పితీరవలసిన మనిషి మా అక్క. కారుని చివరిసారి చూసుకోవడానికి ఆ వచ్చే ఆదివారం పక్కనున్న భిలాయి-3 పేటనుంచి వస్తానని ఆవిడ అప్పటికే కబురుచేసింది.

నా ఈడువాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది, ఆ రోజుల్లో సైరను మోగితే మా టౌన్‌షిప్పు రోడ్లమీద సైకిళ్ళూ స్కూటర్లూ ఏరులా పారేవి గాని, కారన్నది పెద్ద ఆఫీసర్ల ఇళ్ళముందు తప్ప కనబడేది కాదు. అలాంటి చోట ఒక ఆఫీసరుగారు ట్రైనింగుకని జర్మనీ వెళ్ళి, తిరిగొస్తూ అక్కడి కారొకటి ఓడమీద విశాఖపట్నం రేవులో దింపించుకుని తెచ్చుకున్నారు. రెండే తలుపులు, పొడుగు ముక్కు, వెనక్కి వాలిన కప్పు, ముదురు నీలం రంగు. దాన్ని కూపే అంటారని ఆయన చెబితే, కూపే అంటే రైల్లో ఇద్దరు పడుకునే గది మాత్రమే తెలిసిన మేము తలలూపి ఊరుకున్నాం. ఆయన బదిలీ అయి వెళ్ళిపోతూ దాన్ని ఒక షెడ్డులో ఇటుకలమీద నిలబెట్టి వదిలేస్తే, ఎనిమిది వానాకాలాలు అక్కడే నాని, చివరికి పాత ఇనుము ధరకి నాకు దక్కింది. నలుగురం ఎక్కాలంటే ముందుసీటు వంచి, కుచ్చిళ్ళు పట్టుకుని దొంగల్లా దూరాలి, ఇదేం కారండీ అని మా ఆవిడ నెలరోజులు దెప్పింది. తర్వాత్తర్వాత అలా దూరడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు మా వీధిలో లేకపోయారు.

ఆ కారుని మనిషిని చేసింది మా బావ, అక్క భర్త. నాకన్నా పదేళ్ళు పెద్ద. విజయనగరం దగ్గరి మా ఊరినుంచి మొదట భిలాయి వచ్చి ప్లాంటులో వెల్డరుగా చేరింది ఆయనే. నన్ను పిలిపించుకుని, రెండు గదుల క్వార్టరులో వరండా నాకు వదిలి, ఉద్యోగం దొరికేదాకా మూడేళ్ళు అన్నం పెట్టింది వాళ్ళిద్దరే. అక్క ఎంత వాగుడుకాయో బావ అంత మితభాషి. వెల్డింగు ముసుగు కిందికి లాక్కున్నారంటే ఇంక ఆయన్ని పలకరించి లాభం లేదు. పక్క ఊరు ఉతైలో జరిగే పెళ్ళికి పిలిచినా, బోనసు వచ్చిందని చెప్పినా, సగం నవ్వి ఊరుకునేవారు.

కారు సీట్లు పీకి చూస్తే అడుగంతా తుప్పుపట్టి, కాళ్ళకింద నేల కనిపించింది. నాకప్పుడే ప్లేట్ మిల్లులో చార్జిమన్ పదోన్నతి వచ్చింది. మా మిల్లులో ఆరు మిల్లీమీటర్ల పలకంటే కాగితంతో సమానం. నాలుగు వేళ్ళ మందం పలకలు ఎర్రగా కాలుతూ రోజూ నా ముందునుంచి పొర్లుకుంటూ పోతుంటే, బొటనవేలితో నొక్కితే సొట్టపడే కారు రేకు నా కంటికి ఆనుతుందా. హథ్‌ఖోజ్ వెళ్ళి, అక్కడి కార్ఖానాల పేటలో తుక్కు ముక్కలు అమ్మే దుకాణంలో ఆరు మిల్లీమీటర్ల పలకలు రెండు కొలత ప్రకారం కోయించి తెచ్చాను. మిల్లునుంచి తెచ్చాననుకునేరు, మా గేటులో గుండుసూది కూడా దాటేది కాదు. బావ ఆ పలకల అంచు వేలితో తడిమి చూసి, వద్దు, పల్చటి రేకు చాలు, కారు ఇంత బరువు మొయ్యలేదు అన్నారు. నా కింద పనిచేసేవాళ్ళు ఇద్దరు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళముందు తగ్గడం నాకు నామోషీ అయింది. ఇనుము సంగతి నాకు చెప్పకండి బావా, మీరు అతికించేవారు, నేను తయారుచేసేవాణ్ణి అనేశాను. మూడేళ్ళు అన్నం పెట్టిన మనిషితో అన్నాను ఆ మాట. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

బావ ముసుగు కిందికి లాక్కున్నారు. మందం పలకని పల్చటి రేకుకి అతకడం ఎంత కష్టమో ఆ పని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది, పలక కరిగేలోగానే రేకు చిల్లుపడుతుంది. ఆయన బియ్యపుగింజంత అతికి, చల్లారనిచ్చి, మళ్ళీ గింజంత అతికి, నాలుగు ఆదివారాలు నేలమీద వెల్లకిలా పడుకుని ఆ పని పూర్తిచేశారు. అతుకు పొడుగునా ఎక్కడా ఒక్క వంకర లేదు.

కారు మొదటిసారి రోడ్డెక్కిన రోజు మా వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. నేనూ మా ఆవిడా ముందు, అక్కా బావా వెనక కూర్చున్నాం. గేరు వేసి కదిలించగానే వెనకభాగం కుంగిపోయి, కారు నీళ్ళలో కూర్చున్న గేదెలా అయింది. వీధి మలుపులో స్పీడుబ్రేకరు దగ్గర దాని పొట్ట ఆనుకుని, అడుక్కి సిమెంటు రాసుకున్న చప్పుడు నాలుగిళ్ళకి వినబడి, ముందుకీ వెనక్కీ పోకుండా అక్కడే నిలిచిపోయింది. జనం మూగారు. ఎవరో వంగి చూసి, ఇదేం అడుగయ్యా బాబూ, యుద్ధట్యాంకుకి వేసినట్టు వేశారు, ఎవరిదీ పని అని అడిగారు. వెనక సీటులోంచి దూరి బయటికొచ్చిన బావ, పంట్లాము దులుపుకుంటూ, నేనే వేశాను అన్నారు. అతికింది ఆయనే కాబట్టి అది అబద్ధం కాదు, కాని నిజమూ కాదు. నేను సరిదిద్దవలసిన క్షణం అదే. దిద్దలేదు. పదిమందితో కలిసి నవ్వాను కూడా.

ఆ రోజునుంచి మా వీధికి ఆయన ప్లేటు బావ అయిపోయారు. ఒక అబద్ధం కప్పడానికి వంద అబద్ధాలాడాలంటారు, నా కారు విషయంలో అది అక్షరాలా జరిగింది. బరువుకి కుంగుతోందని వ్యాను స్ప్రింగులు వేయించాను. దాంతో కారు ఎత్తు పెరిగి స్టీరింగు మొండికేస్తే జీపు చక్రంలాంటి పెద్ద చక్రం పెట్టించాను. దిగుడులో ఆగడం లేదని బ్రేకులు మార్చాను. చూసేవాళ్ళకి అవన్నీ నా పనితనంలా కనబడేవి, మెకానిక్కులు కూడా మెచ్చుకునేవారు. అందరూ అడుగుని మాత్రం బావ ఖాతాలో వేశారు. అందరిలోకీ ఎక్కువ వేళాకోళం చేసింది అక్కే. దిబ్బరొట్టె కాస్త గట్టిగా వస్తే చాలు, ఇదిగో మీ కారడుగులా వచ్చింది, కొరుక్కోండి అని బావ కంచంలో వేసేది. బావ సగం నవ్వి, కొరుక్కునేవారు. పక్కనే కూర్చుని నేనూ తినేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదంటే, మొదట్లో సిగ్గు, తర్వాత అలవాటు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎగతాళిలో పస పోయి అది ముద్దుపేరైపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభమని సర్దిచెప్పుకున్నాను. బావ పోయే ముందు సంవత్సరం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ముందుసీటులో కూర్చుని చెప్పుకాలితో అడుగుని రెండుసార్లు తట్టి, ఇది మనిద్దరికన్నా ఎక్కువకాలం ఉంటుంది అన్నారు. ఆ రోజు క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ, వానొచ్చేలా ఉంది, తొందరగా పోనియ్యి అన్నారు. నాకు తప్పు ఒప్పుకునే అవసరం కూడా రానివ్వలేదు మహానుభావుడు.

ఇక అమ్మకం సంగతి. నా కుడికంటి చూపు తగ్గిందని, ఇంక డ్రైవింగు మానేయమని డాక్టరు చెప్పాడు. నిజం చెప్పాలంటే నాకేం బెంగ కలగలేదు, ఆ బరువు స్టీరింగు తిప్పీ తిప్పీ భుజాలు అరిగాయి. కొనడానికొచ్చిన అమ్మాయిది మన విజయనగరం వైపు కుటుంబమే. పుట్టి పెరిగింది ఇక్కడ కావడంతో హిందీలో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వస్తుంది. హథ్‌ఖోజ్‌లో సొంత వర్క్‌షాపు నడుపుతోంది. పాత కార్లంటే ప్రాణం. ఆదివారం వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, తివాచీ ఎత్తి, స్పానరుతో అడుగుమీద కొట్టి ఆ మోత విని, “అంకుల్, యే ఇత్‌నా మోటా క్యోఁ? ఇంత మందం ఎవరు వేశారు?” అని అడిగింది.

టీ గ్లాసుతో వరండాలో కూర్చున్న అక్క నాకన్నా ముందు అందుకుంది. “ఇంకెవులమ్మా, మా ఆయనే. ఏటి చేసినా ఇనపపెట్టె లాగే చేసీవోరు.”

మనిషి పోయి నాలుగేళ్ళయినా ఆ నింద ఇంకా ఆయనమీదే ఉంది. పైగా వేస్తున్నది ప్రేమగా, నవ్వుతూ, ఆయన పెళ్ళాం. “కాదక్కా,” అన్నాను, “బావ వద్దన్నారు. నేనే వెయ్యమన్నాను.” నా కిందివాళ్ళముందు ఆయన్ని ఏమన్నానో, స్పీడుబ్రేకరు దగ్గర ఎలా నవ్వానో అంతా ఆ అమ్మాయి ఎదుటే చెప్పేశాను.

అక్క గ్లాసు కింద పెట్టింది. “వద్దన్నారేట్రా?” అని ఒక్కమాట అడిగింది. అవునన్నాను. తర్వాత నాతో కాదు, కారుతో అన్నట్టుగా, “అందరికన్నా నానే ఎక్కువ ఎక్కిరించాను గదా ఆయన్ని,” అంది. లేచి వెళ్ళి బావ కూర్చునే ముందుసీటులో కాసేపు కూర్చుంది. మా ఆవిడ భోజనానికి లేవమన్నా లేవలేదు, ఆటో పిలిపించుకుని వెళ్ళిపోయింది. రెండు వారాలు నా ఫోను ఎత్తలేదు. ఈ వయసులో అక్క అలిగితే చిన్నప్పటికన్నా ఎక్కువ భయం వేస్తుందని నాకప్పుడు తెలిసింది.

ఈలోగా కారు వర్క్‌షాపుకి వెళ్ళింది. అంత బరువుంటే నడపడం ప్రమాదమని, పలకలు తీసి పల్చటి రేకు వేస్తామని ఆ అమ్మాయి ముందే చెప్పింది, బావ మొదట చెప్పిన మాటే. పలకలు కోసిన రోజు ఫోనుచేసి, అతుకు ఎంతకీ వదలలేదని, దాని పక్కనుంచి రేకు కోసుకుని తీయాల్సొచ్చిందని, అలాంటి చెయ్యి తను ఎక్కడా చూడలేదని అంది. పలకలు తుక్కులో వేసేయమంటారా అని అడిగింది. నేను అక్కకి కబురుపెట్టాను. డ్రైవరు కాళ్ళకింద ఉన్న పలక తనింటికి పంపమని మేనల్లుడిచేత జవాబు చెప్పించింది.

చిన్న వ్యానులో పలక వెంట నేనూ వెళ్ళాను. పనివాళ్ళు ఇద్దరు దించబోతుంటే అక్క గుమ్మంలోంచే ఆగమంది. నావైపు చూసి, “ఇన్నేళ్ళూ మీ బావ మోసారు. గేటు కాడినుంచి కుళాయి దాకా నువ్వు మొయ్యి,” అంది. మొయ్యలేనని అనబోయి, ఆవిడ మొహం చూసి, వంగి పలక ఎత్తాను. పాతిక కిలోల పైమాటే ఉంటుంది. పొట్టకి ఆనించుకుని, మూడుచోట్ల ఆగి, ఆయాసపడుతూ కుళాయి దగ్గర దించేసరికి చొక్కా తడిసిపోయింది. అక్క అన్నిసార్లూ నేను ఆగినచోట ఆగి, నేను కదిలితే కదిలింది గాని ఒక్క చెయ్యి వెయ్యలేదు. దించాక చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు ఆ పలకమీదే గిన్నెలు తోముకుంటుంది, చుట్టూ బావ అతుకు గింజగింజగా కనబడుతూనే ఉంటుంది.

కారు ఈమధ్య మా వీధిలోంచి వెళ్ళింది. అదే నీలం రంగు, కొత్త మెరుపు. పాత స్పీడుబ్రేకరుని రాసుకోకుండా దాటిపోయింది. ఆగి చూసేవాళ్ళు ఎవరూ లేరు, ఉన్న ఒకరిద్దరూ ఫోనుల్లో తలలు పెట్టుకున్నారు. ఇప్పుడు ఏ చిన్న పొరపాటు జరిగినా నాది కాదంటే నాది కాదని అందరం ముందే రాసి పంపేసుకుంటున్నాం, నాదే అనే మనిషి కనబడటం లేదు. అలాంటి ఒకాయన పక్కన నేను నలభై ఏళ్ళు బతికాను, అది నా అదృష్టం.

పోయిన ఆదివారం అక్క ఇంటికి వెళ్తే దిబ్బరొట్టె వేసింది. పెనం దించుతూ ఏమీ అనదేమోనని, ఆ పాత వేళాకోళం నావల్ల ఆగిపోయిందేమోనని దిగులుగా కూర్చున్నాను. ఆవిడ మాడిన ముక్క ఏరి నా కంచంలో వేసి, “ఇదిగోరా, నీ కారడుగు. కొరుక్కో,” అంది. మాడిన ముక్కని కొరుక్కున్నాను. ఆ మాట విని సగం నవ్వవలసిన మనిషి కుర్చీ మాత్రం నా పక్కన ఖాళీగా ఉంది.